లేవకూడని వారం

కొత్తరేవు పట్నంలో క్యారమ్ బోర్డు ముందు హైమావతిని ఓడించగల మనిషి ఒక్కడే ఉన్నాడు. బస్టాపులో మాత్రం ఊళ్ళో ప్రతి బస్సూ ఆమెను ఓడించేది.

హైమావతి చక్రాల కుర్చీలో తిరుగుతుంది. పసితనంలో వచ్చిన పోలియో కాళ్ళను మాత్రం పట్టుకుపోయి, మిగతాదంతా ఆమెకే వదిలేసింది. ఆ మిగిలినదాంట్లో కుడిచేతి చూపుడువేలు ఒకటి. ఆ వేలు స్ట్రైకర్‌ని తాకితే చాలు, కాయిన్లు పేరుపెట్టి పిలిచినట్టు పాకెట్లలోకి వెళ్ళిపోయేవి. కాకపోతే ఆ వేలు స్టేడియం దాకా చేరాలంటే ఎవరో ఒక ఆటోవాడు ఆమెను మూటలా ఎత్తి లోపల పెట్టాలి, కుర్చీని వెనకాల తాడేసి కట్టాలి. ఎత్తేవాళ్ళలో మంచివాళ్ళున్నారు. ఎత్తుతూ వేదాంతం చెప్పేవాళ్ళున్నారు. చెయ్యి ఎక్కడ వెయ్యకూడదో తెలియనివాళ్ళూ ఉన్నారు.

అందుకే నగర రవాణా సంస్థ ర్యాంపు బస్సు తెచ్చిన రోజు హైమావతికి పండగే అయింది. ఊరంతటికీ ఒక్కటే బస్సు. రేవు నుంచి ఫ్లైఓవర్ మీదుగా స్టేడియం దాకా దాని రూటు. మీట నొక్కితే తలుపు దగ్గర ఇనప పలక నాలుక చాపినట్టు బయటికొస్తుంది. లోపల చక్రాల కుర్చీలకి రెండు ఖాళీలు. ఎవరి చెయ్యీ తగలకుండా మొదటిసారి బస్సెక్కిన రోజున ఆమె స్టేడియం దాకా వెళ్ళి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చింది.

"ఏంటక్కా, దిగే పన్లేదా?" అన్నాడు కండక్టర్ దొరబాబు.

"ఎక్కడమే పని తమ్ముడూ. నీకేమన్నా నష్టమా?"

"నాకేం నష్టం? టిక్కెట్టు తీసుకున్నంతసేపూ నువ్వు మహారాణివి. తిరుగు."

ఆ బస్సు పుణ్యమా అని రోజూ ప్రాక్టీసుకి వెళ్ళింది. వెళ్ళగా వెళ్ళగా జిల్లా పోటీల్లో ఒక్కొక్కర్నీ ఇంటికి పంపించి ఫైనల్‌కి చేరింది. శనివారం సాయంత్రం ఫైనల్. ఎదురుగా కూర్చునేది ఆమెను ఓడించగల ఆ ఒక్కడు, పోర్టులో క్రేన్ నడిపే జోసఫ్. గెలిచినవాళ్ళు రాష్ట్ర జట్టులోకి వెళతారు.

సరిగ్గా అప్పుడే రవాణా సంస్థ ఎండీ ప్రభంజనరావు గారు ఒక సదస్సుకి వెళ్ళొచ్చారు.

అధికారులు సదస్సులకి వెళ్ళడం వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. అక్కడ చెప్పింది వినడం వల్లనే ప్రమాదం. 'అనుభవించనిదే అర్థం కాదు' అని అక్కడెవరో అన్నారట. ఆ మాట ఎండీ గారి గుండెలో మేకులా దిగింది. తిరిగొచ్చీ రాగానే అధికారులందర్నీ సమావేశపరిచారు.

"దివ్యాంగుల ప్రయాణ సౌకర్యాల గురించి మనం ఇన్నేళ్ళుగా నిర్ణయాలు తీసుకుంటున్నాం. మనలో చక్రాల కుర్చీలో కూర్చున్నవారు ఒక్కరైనా ఉన్నారా?"

లేరు.

"అంటే మనవన్నీ అనుభవరహిత నిర్ణయాలు! ఇది కొనసాగరాదు. వచ్చే సోమవారం ఉదయం నుంచి శనివారం సాయంత్రం వరకు అధికారులందరూ చక్రాల కుర్చీలోనే ఉండి, ర్యాంపు బస్సులోనే ప్రయాణించి, యథార్థ సహానుభూతి శిక్షణ పొందవలెను. పనివేళల్లో మధ్యలో లేచినవారి శిక్షణ రద్దు. శిక్షణ పూర్తిచేసినవారు తప్ప ఇకమీదట దివ్యాంగుల విషయంలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరాదు. పూర్తిచేయనివారి పదోన్నతి పరిశీలనకు రాదు."

చివరి వాక్యం దాకా కునుకు తీస్తున్నవాళ్ళు కూడా చివరి వాక్యానికి నిటారయ్యారు.

సోమవారం పొద్దున బస్సొచ్చింది. పలక చాపుకోలేదు. లోపల రెండు ఖాళీల్లోనూ రెండు కొత్త కుర్చీలు, వాటిలో టై కట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళ వెనక మంచినీళ్ళ సీసాలతో ఇద్దరు అటెండర్లు.

"ఫుల్లక్కా," అన్నాడు దొరబాబు, ఆమె మొహం చూడకుండా.

"ఎవరు తమ్ముడూ వాళ్ళు?"

"మా ఆఫీసర్లు. శిక్షణలో ఉన్నారు."

"పాపం, కాళ్ళకేమైంది?"

"కాళ్ళకేం, దుక్కల్లా ఉన్నాయి. అదే వాళ్ళ బాధ."

టై కట్టుకున్నవాళ్ళలో ఒకాయన కిటికీలోంచి తల బయట పెట్టాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "అమ్మా, మీ ఇబ్బంది ఎంతటిదో ఈ ఉదయం నుంచే తెలుసుకుంటున్నాం. ఎంత ఇబ్బంది! ఎంత ఇబ్బంది! మీరు వెనకాల బస్సుకి రండి."

"వెనకాల బస్సుకి ర్యాంపు లేదండీ."

"అదిగో, అదే! సరిగ్గా ఇలాంటి ఇబ్బందులే మేము అవగాహన చేసుకుంటున్నది."

అవగాహనతో సహా బస్సు వెళ్ళిపోయింది.

హైమావతి ఊరుకునే మనిషి కాదు. మళ్ళీ ఒక ఆటోవాడి చేత ఎత్తించుకుని, దారంతా వాడి వేదాంతం విని, రవాణా సంస్థ ఆఫీసుకి వెళ్ళింది. శిక్షణాధికారి త్రిమూర్తులు బల్ల వెనకాల చక్రాల కుర్చీలో ఉన్నాడు. తన ఎదుట కూడా ఒక చక్రాల కుర్చీ వచ్చి ఆగేసరికి ఆమె ఏ సెక్షన్ అధికారో అనుకుని నమస్కారం పెట్టాడు. సంగతి విన్నాక చాలాసేపు తల ఊపాడు.

"న్యాయమైన ఫిర్యాదు. కాని దీనిపై నిర్ణయం తీసుకొనుటకు శిక్షణ పూర్తయిన అధికారి కావలెను. ప్రస్తుతానికి అందరమూ అసంపూర్తిగా ఉన్నాము."

"మరి నా సంగతేంటండీ?"

"త్వరపడవలసిందే. ఒకేసారి ఎక్కువమందికి శిక్షణ ఇస్తే తప్ప మీ ఇబ్బంది తీరదు. అందుకు బస్సులో ఇంకా కుర్చీలు పట్టాలి. మీ ఫిర్యాదును పురస్కరించుకొని రేపే బస్సులో సీట్లన్నీ పీకించేస్తాను."

"నా ఫిర్యాదు మీదా!"

"అవును. ఈ సంస్కరణకు మీరే స్ఫూర్తి."

హైమావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాకు శనివారం ఫైనలుందండీ. స్టేడియానికి పోవాలి. బస్సెక్కే దారి చెప్పండి, చాలు."

త్రిమూర్తులు ముందుకి వంగాడు. "మీకు ఈ విషయంలో అనుభవం ఉందా?"

"దేంట్లో?"

"చక్రాల కుర్చీలో."

"ముప్పయ్యేళ్ళుగా ఇందులోనే ఉన్నానండీ!"

"అది శిక్షణ లేని అనుభవం తల్లీ," అన్నాడు జాలిగా. "నిబంధనల్లో లెక్కకు రాదు. పోనీ, శిక్షణలో చేరతారా? బస్సు శిక్షణార్థులకే కదా. చేరితే సీనియారిటీ ప్రకారం ఎక్కవచ్చును."

"చేరతానండీ."

"శనివారం సాయంత్రం వరకు లేవకుండా కూర్చోగలరా? ఆలోచించుకొని చెప్పండి. చాలామందికి కష్టంగా ఉంది."

"ప్రయత్నిస్తానండీ."

"ఇవాళ పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నారా?"

"ఉన్నానండీ."

"అయితే ఇవాళ్టి నుంచే లెక్కవేస్తాను. చూశారా, సంస్థకు కనికరం లేదంటారు గాని!"

మర్నాడు బస్సు గుల్ల అయిపోయింది. సీట్లు లేవు. బస్సునిండా చక్రాల కుర్చీలే, హోదా వారీగా. అందరికంటే ముందున్న ఎండీ గారి కుర్చీకి వీపు మీద తెల్ల తువ్వాలు. మామూలు ప్రయాణికులు చెయ్యెత్తినా బస్సు ఆగడం మానేసింది. రోజూ ఏ ఇంజనీరుకో బంధువైన కొత్త ఇంజనీరు శిక్షణలో చేరుతున్నాడు. హైమావతికి ఏ హోదా లేదు కనక సీనియారిటీలో ఆఖరి మనిషి ఆమే. ఆఖరి మనిషి వంతు వచ్చేలోపు ఖాళీలు నిండిపోతున్నాయి.

శుక్రవారం నాటికి అధికారులు శిక్షణలో బాగా ఆరితేరారు. సంస్థ ఆఫీసుకి మెట్లు ఎవడు కట్టాడని ఒకాయన, క్యాంటీన్ బల్లలు ఇంత ఎత్తేమిటని మరొకాయన కేకలేశారు. మెట్లు పగలగొట్టించే అధికారం కూడా శిక్షణ పూర్తయినవాళ్ళకే ఉంది కనక అటెండర్లు వాళ్ళను కుర్చీలతో సహా పైకి మోశారు. రాత్రుళ్ళు అటెండర్ల భార్యలు తమ మొగుళ్ళ నడుములకి కాపడం పెట్టారు.

"రేపు సాయంత్రం టైముకి చేరకపోతే వాకోవర్ ఇచ్చేస్తారు దొరబాబూ," అంది హైమావతి ఆ సాయంత్రం. "ఆడి ఓడిపోతే ఏడవను. ఆడకుండా ఓడిపోతే మాత్రం..."

"ఆ మాటనకక్కా. రేపు మా ఎండీ గారే అక్కడ చీఫ్ గెస్టు. బస్సు ఎలాగూ స్టేడియానికే. ఒక్క ఖాళీ ఎలాగోలా ఉంచుతాను. ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకున్నాడు. శనివారం బస్సొచ్చి ఆగేసరికి తలుపు పక్కన ఒక కుర్చీలో ఎవరూ లేరు. కానీ కుర్చీ ఉంది. దాని వీపు మీద తెల్ల తువ్వాలు ఉంది.

"ఇదేంటి?"

దొరబాబు టిక్కెట్ల కట్ట అటూ ఇటూ తిప్పాడు. "నేను ఖాళీ ఉంచానక్కా. డిపో గేటు దగ్గర ఇది ఎక్కించారు. ఎండీ గారి స్టాండ్‌బై కుర్చీ అంట."

"అందులో ఎవరూ లేరుగా!"

లోపల్నుంచి త్రిమూర్తులు అందుకున్నాడు. "ఎండీ గారి రెండో కుర్చీ ప్రోటోకాల్ ప్రకారం ఖాళీగానే ప్రయాణించును."

ప్రభంజనరావు గారు స్వయంగా తల తిప్పి చూశారు. మనిషి చెడ్డవాడు కాదు, మొహంలో దయ ఉంది. "ఏమ్మా, మీరూ మా శిక్షణార్థులేనా? సంతోషం, సంతోషం. శిక్షణ ముగిసేదాకా ఓపిక పట్టండి. అందరమూ అర్హులమైపోతాం, మీ ఫిర్యాదు చూద్దాం."

"సార్, నా ఆట ఇంకాసేపట్లో. మీలో ఒక్కరు దిగి ఆటోలో వచ్చెయ్యండి. మీకు కాళ్ళున్నాయి కదండీ!"

బస్సంతా నొచ్చుకుంది. ఎండీ గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "చక్రాల కుర్చీలో ఉన్నవాణ్ణి పట్టుకొని నడవమనడం... అది సున్నితత్వం కాదమ్మా."

తలుపు మూసుకుంది. హైమావతి దుమ్ములో మిగిలింది. చుట్టూ చూసింది. ఒక్క ఆటో లేదు.

"ఏంటే, ఆళ్ళు పోయారు, నువ్వు ఉండిపోయావా?"

చేపల పోలమ్మ. స్టాపు పక్కన ఐసు పెట్టెలు దింపిస్తోంది. మరిది నూకరాజు ట్రాలీ ఆటో వెనక చెక్కతలుపు తీసి ఉంది. పెట్టెల్ని దొర్లించే పొడుగాటి పలక దానికి ఆన్చి ఉంది. ఆ పలక వంక హైమావతి చూసిన చూపు పోలమ్మకి అర్థమైంది.

"ఎక్కుతావేంటి?"

"స్టేడియానికి. అర్జంటు."

"ఒరే నూకా, పెట్టెలు తరవాత దింపుకుందాం, బండి తియ్యి! నువ్వు ఎక్కవే. పలక జారుద్ది, సక్రం తిన్నగా ఒత్తు. నేనెత్తనులే, బయపడకు. నా రెట్టలు పడిపోయాయి."

హైమావతి పళ్ళు బిగించి చక్రాలు తోసింది. పలక మూలిగింది. ఎక్కేసింది. పోలమ్మ తాడు తెచ్చి కుర్చీని కమ్మీకి కట్టి, పక్కన ఐసు పెట్టె మీద కూర్చుంది. నూకరాజుకి జీవితంలో ఎవరూ 'అర్జంటు' అని చెప్పనట్టుంది, బండి ఎగిరింది.

ఫ్లైఓవర్ ఎత్తులో ర్యాంపు బస్సు కనిపించింది. మలుపు మలుపుకీ లోపలి కుర్చీలు దొర్లుతుంటే అటెండర్లు వాటి వెనక దొర్లుతున్నారు కాబోలు, పెళ్ళి ఊరేగింపులా పోతోంది. నూకరాజు హారన్ కొట్టి పక్కనుంచి దూసుకుపోయాడు. కరిగిన ఐసునీళ్ళు గాల్లో లేచి బస్సు కిటికీల మీద చిందాయి.

"సుబ్బరంగా కడిగాం!" అని అరిచింది పోలమ్మ.

అంపైర్ గడియారం చూసుకుని వాకోవర్ చెప్పడానికి నోరు తెరిచినప్పుడు హాల్లోకి మొదట చేపల వాసన వచ్చింది, దాని వెనకాల హైమావతి వచ్చింది.

"ఏంటి హైమా, ఈ కంపు?" అన్నాడు జోసఫ్, పౌడర్ చల్లుతూ.

"నేను చేపల బండిలో వచ్చాను. నీ దగ్గర్నుంచి వచ్చేది భయం వాసన. రెండూ కలిశాయి, కూర్చో అన్నా."

ఆట మొదలైంది. మొదటి గేము జోసఫ్ ఎత్తుకుపోయాడు. రెండోది హైమావతి లాక్కుంది. మూడో గేము నడుస్తుండగా బయట గోల. బస్సొచ్చిందట. పలక సగం బయటికొచ్చి బిగుసుకుపోయిందట. లోపల అధికారులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉండిపోయారట. నడుములు పట్టేసిన అటెండర్లు చేతులెత్తేశారట. లేచి దిగితే రెండు అంగలు. కానీ లేస్తే ఇన్నాళ్ళ శిక్షణ రద్దు, గడువు తీరకుండా లేచేదెవరు? చివరికి పోలమ్మ తన చేపల పలక తెచ్చి తలుపుకి ఆన్చి ఒక్కొక్కర్నీ దింపింది. "ఊపిరి బిగబట్టండి బాబూ, జారుద్ది! నెక్స్టు ఎవరండీ!" అన్న కేక హాలు లోపలికి వినబడింది.

ఆఖరి బోర్డు. జోసఫ్‌కి ఒక కాయిన్ మిగిలింది. హైమావతి రెడ్ వేసింది. ఇప్పుడు తన కాయిన్ ఒకటి వెంటనే వేసి కవర్ చెయ్యాలి. లేకపోతే రెడ్ తిరిగి బోర్డు మధ్యకి వస్తుంది, గేము జోసఫ్ చేతికి పోతుంది. ఆమెకున్న ఒకే ఒక్క కాయిన్ జోసఫ్ కాయిన్ చాటున నక్కి ఉంది. తిన్నగా కొట్టడానికి దారి లేదు. అప్పుడే వరసగా చక్రాల కుర్చీలు హాల్లోకి వస్తున్నాయి, చక్రాలకి చేపపొలుసులు తళతళలాడుతున్నాయి. ఆమె తలెత్తలేదు. స్ట్రైకర్‌ని కుడివైపు గోడ మీదికి వదిలింది. అది కుడిగోడని తాకి, ఎదుటి గోడని తాకి, దిక్కులేనిదానిలా తిరిగి తిరిగి వెనకనుంచి వచ్చి ఆ కాయిన్‌ని వీపు మీద చరిచింది. టక్. పాకెట్లో పడింది.

జోసఫ్ చెయ్యి చాపాడు. "రాష్ట్రానికి వెళ్ళి ఇలాగే ఏడిపించు వాళ్ళని. నేనొక్కణ్ణే ఎందుకు ఏడవాలి?"

ఇక బహుమతి ప్రదానం. కప్పు వేదిక మీద ఉంది. వేదికకి మెట్లున్నాయి. కప్పు ఇవ్వవలసిన ముఖ్య అతిథి, పుచ్చుకోవలసిన విజేత, ఇద్దరూ మెట్ల కింద చక్రాల కుర్చీల్లో ఉన్నారు.

"ఎత్తండి, సార్‌ని ఎత్తండి!" అన్నాడు మైకు పట్టుకున్న క్రీడాసంఘం కార్యదర్శి.

వాలంటీర్లు నలుగురు నాలుగు వైపులా పట్టుకున్నారు. వారమంతా మోసి చేయి తిరిగిన అటెండర్లు కారు వీళ్ళు. రెండో మెట్టు దగ్గర కుర్చీ ఒరిగింది. ఒకడు ఎండీ గారి చంకలో చెయ్యి పెట్టాడు. ఇంకొకడు తొడ పట్టుకున్నాడు. మూడోవాడు "బరువే సారూ" అని హాలంతటికీ వినబడేలా నవ్వాడు.

"దింపండ్రా!" అని కేకపెట్టారు ప్రభంజనరావు గారు. దింపారు. మొహం కందగడ్డలా ఉంది. చొక్కా సర్దుకుంటూ ఎవరి వంకా చూడలేదు.

"పోనీ విజేతను ఎత్తండి," అన్నాడు కార్యదర్శి.

"నన్ను ముట్టుకోవద్దు," అంది హైమావతి. "కప్పు కిందకి తెండి."

"కప్పు వేదిక మీదే ఇవ్వడం ఆనవాయితీ అమ్మా. కిందకి తెస్తే..."

"ఆ మనిషి ముట్టుకోవద్దంటోంది, నీకు చెవులు లేవా?" అని గర్జించారు ఎండీ గారు. "నువ్వు తెస్తావా, నన్నే వచ్చి తెచ్చుకోమంటావా?"

కార్యదర్శి ఆనవాయితీ వెతుక్కుంటున్నాడు. అంతే. ప్రభంజనరావు గారు విసురుగా లేచి, గబగబా మెట్లెక్కి, కప్పు లాక్కున్నారు.

పెద్దసారు నిలబడ్డారు.

నగర రవాణా సంస్థలో ఎక్కడా రాసిపెట్టని, ఎన్నడూ ఎవరూ తప్పని రూలు ఒకటుంది. పెద్దసారు నిలబడితే ఎవరూ కూర్చుని ఉండకూడదు. వరసగా ఉన్న చక్రాల కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ట్రాఫిక్కు, కొనుగోళ్ళు, వర్క్‌షాపు, చిన్న ఇంజనీర్లు, పెద్ద ఇంజనీర్లు, అందరూ అటెన్షన్‌లో నిలబడ్డారు. తిమ్మిరెక్కిన కాళ్ళతో ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని ఊగుతున్నారు. త్రిమూర్తులు అందరికంటే ముందు నిలబడ్డాడు, నిలబడ్డాక నాలిక కరుచుకున్నాడు.

వెనక వరసలో ఒక ముసలమ్మ చేతులు జోడించింది. "ఆ పిల్ల ఎవరో గాని, కుంటోళ్ళందర్నీ లేపేసింది!"

ఎండీ గారు కప్పుతో కిందకి దిగొచ్చి హైమావతి ఒళ్ళో పెట్టారు. అప్పుడు తన కాళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత సిబ్బంది వంక చూశారు.

"త్రిమూర్తులూ, టైమెంత?"

"శిక్షణ ముగియడానికి ఇంకా కాసేపుంది సార్. అందరిదీ... రద్దు."

"ఒక్కరూ మిగల్లేదా?"

త్రిమూర్తులు శిక్షణార్థుల జాబితా తిరగేశాడు. "ఒక్కరున్నారు సార్. సోమవారం చేరారు. ఇంకా లేవలేదు."

అందరూ తిరిగి చూశారు. హాలు మొత్తంలో కుర్చీలో ఉన్న శిక్షణార్థి హైమావతి ఒక్కతే.

"అంటే ఈవిడ ఫిర్యాదు మీద నిర్ణయం...?"

"ఈవిడే తీసుకోవాలి సార్. ఇటువంటిది జరుగునని ఊహించలేదు కనక నిషేధించలేదు."

కొద్దిసేపటికి శిక్షణ ముగిసింది. "చెప్పమ్మా," అన్నారు ప్రభంజనరావు గారు. ఆయన చెయ్యి ఇందాక వాలంటీరు పట్టుకున్న చోట రుద్దుతోంది.

"బస్సు మళ్ళీ బస్సు కావాలండీ. సీట్లు పెట్టించండి. ఆ రెండు ఖాళీలు వాటి అవసరం ఉన్నవాళ్ళకే. మీ కుర్చీలు ఆసుపత్రికి పంపెయ్యండి, అక్కడ జనం వీటికోసం వరసలో ఉన్నారు. ఇలాంటి బస్సులు ఇంకో నాలుగు తెప్పించండి." బయట బస్సు వైపు చెయ్యి చూపింది. "ఆ పలకకి నూనె పెట్టించండి."

మారు మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

దొరబాబు సమ్మెటతో రెండు దెబ్బలు వేస్తే ఇనప పలక బయటికొచ్చింది. హైమావతి కప్పు ఒళ్ళో పెట్టుకుని ముందుగా ఎక్కింది. కుర్చీలు ఆసుపత్రికి పోయాయి, సీట్లు ఇంకా డిపోలోనే ఉన్నాయి. అధికారులందరూ పైన కమ్మీలు పట్టుకుని వేలాడారు. ఫ్లైఓవర్ మలుపులో బస్సు ఒక్క ఊపు ఊపింది. ట్రాఫిక్కు పోయి ఇంజనీర్ల మీద పడింది. ప్రభంజనరావు గారి కమ్మీ పట్టు జారి, మోచెయ్యి కిటికీకి తగిలింది.

"అబ్బ!" అన్నారాయన. "మన ప్రయాణికులు రోజూ ఇలాగే నిలబడి వెళతారా? త్రిమూర్తులూ, ఇది మనలో ఎవరికైనా అనుభవమేనా?"

ఆయన కళ్ళు మెల్లగా మెరవడం మొదలైంది. త్రిమూర్తులు చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది. బస్సులో అధికారులందరూ ఊపిరి బిగబట్టి, హైమావతి వైపు దీనంగా చూశారు.

"వద్దు సార్," అంది హైమావతి.